నాలుగో ప్రశ్న

ఒకే మాట రెండు నోళ్ళలోంచి వినిపించేసరికి ఝాన్సీ ఎత్తిన టీ కప్పు తాగకుండానే దించేసింది.

మొదటి నోరు కమలాక్షి టీచరుది. సామర్లకోటలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి మాట పోయింది. విశాఖపట్నంలో ‘వాగ్ధార’ ప్రయోగశాల వాళ్ళు ఆవిడ తలలో చిప్పు అమర్చాక తిరిగొచ్చింది. ఆ చిప్పులో నడిచే ప్రోగ్రామ్ రాసింది ఝాన్సీయే. నెలకోసారి రోగులందరినీ వీడియోలో పలకరించి, ఎలా ఉన్నారో కనుక్కోవడం కూడా ఆమె పనే.

“అంతా బాగుందమ్మా,” అన్నారు టీచరుగారు. “ఎండ తగ్గింది. గాలి చల్లగా ఉంది. భోంచేశారా?”

భోంచేశానని నవ్వుతూ చెప్పి, ఝాన్సీ తరవాతి కాల్ కలిపింది. అది సొంత బావకి. ఆమె అప్పా అని పిలిచే అక్క గవరమ్మ మొగుడు, పైడినాయుడు. విజయనగరం అవతల పశువుల సంతలో పేరుమోసిన దళారి. ఆయనకీ అదే జబ్బు, అదే చిప్పు. తెర మీద బావ మొహం కనిపించింది. వెనకాల రేకుల కప్పు మీద వాన దబదబా కొడుతోంది.

“అంతా బాగుందమ్మా,” అన్నాడు బావ. “ఎండ తగ్గింది. గాలి చల్లగా ఉంది. భోంచేశారా?”

ఝాన్సీ తెరకి దగ్గరగా జరిగింది. వానని వదిలెయ్యొచ్చు, మంచాన పడ్డ మనిషికి కిటికీ కనిపించకపోవచ్చు. కానీ పైడినాయుడు ఆమెని ఏనాడూ ‘అమ్మా’ అని పిలవలేదు. ఊయల్లో ఉన్నప్పట్నించీ ఎగతాళే. ఆమెకి ఇంజినీరింగ్ సీటు వచ్చిన రోజున, “ఇంకేటి, మన గుంట వైర్లు కొరికీ ఎలకైపోద్ది,” అని సంతంతా చాటించిన మనిషి.

ఉండబట్టలేక ఓ రాయి విసిరి చూసింది. “ఏం బావా, మీసం అలా నెరిసిపోయింది? సంతకెళ్ళకు. ముసలెద్దు అనుకుని నిన్నే బేరం పెట్టేస్తారు.”

పాత బావయితే దానికి పది జవాబులు చెప్పేవాడు. ఒక్కటీ పైకి చెప్పుకోదగ్గది అయ్యుండేది కాదు.

“చల్లగా ఉండమ్మా,” అన్నాడు తెర మీది బావ. తల మెల్లగా ఊపాడు. పెదాలు నవ్వాయి. కళ్ళు మాత్రం గుడ్లప్పగించి ఆమెనే చూస్తున్నాయి. కుడికంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

కళ్ళనీళ్ళు పక్షవాతం వచ్చినవాళ్ళకి మామూలే అని డాక్టర్లు చెప్పారు. ఇన్నాళ్ళూ ఝాన్సీ కూడా నమ్మింది.

*

మనుషుల మెదళ్ళన్నీ మాటని ఒకేలా పుట్టించవని కనిపెట్టినవాడు ప్రయోగశాల అధిపతి డాక్టర్ మహీధర్. కంప్యూటర్‌కి ఆపరేటింగ్ సిస్టమ్ ఎలాగో, మెదడులో మాటకీ అలాంటి అమరిక ఒకటుందనీ, ఆ అమరికలు మూడు రకాలనీ ఆయన తేల్చాడు. వాటికి నదుల పేర్లు పెట్టుకున్నారు. గంగ, గోదావరి, కృష్ణ.

ఏ రకం మెదడులోనైనా నడవాలి కనక ఝాన్సీ సి భాషలో ఒకే ప్రోగ్రామ్ రాసి, అందులో మూడు పాయలు పెట్టింది. చిప్పేమో మినపబద్దంత. మూడు పాయలూ అందులో పట్టవు. అందుకే ఎంపిక ముందే జరిగిపోవాలి. రోగి తల స్కాన్‌లో దొరికిన గుర్తుల్ని కంపైలర్‌కి ఇస్తే, అది ప్రోగ్రామ్‌ని చిప్పుకి ఎక్కేలా తయారుచేసేటప్పుడే పైనుంచి ఒక్కో ప్రశ్నా అడుగుతూ వస్తుంది. ఇది గంగేనా? అవునంటే గంగ పాయ ఉంచి మిగిలినవి కోసి పారేస్తుంది. కాదంటే, గోదావరా? అదీ కాదంటే, కృష్ణా? చిప్పు తలలోకి వెళ్ళాక ఇంక ప్రశ్నలుండవు. పారేసిన పాయల జాడ కూడా ఉండదు.

ఝాన్సీ తలుపు వేసుకుని ఆ ప్రశ్నలున్న పేజీ తెరిచింది.

మూడు కాదు, నాలుగున్నాయి. ఏడాది కిందట స్కానింగ్ విభాగం వాళ్ళు కొత్త రకం మెదడొకటి బయటపెట్టారు. అందులో గంగ గుర్తూ ఉంది, దాంతోపాటు ఇంతకుముందెన్నడూ చూడని ఇంకో గుర్తూ ఉంది. దానికి ఎలాంటి పాయ రాయాలో ఎవరికీ తెలియదు. అందుకని నాలుగో ప్రశ్న కింద ఝాన్సీ ఒకే ఒక్క వరస రాసింది. ఆ మెదడు ఎదురైతే కంపైలర్ అక్కడే ఆగిపోవాలి. చిప్పు తయారు కాకూడదు.

ఆ వరస అక్కడే ఉంది. అట్టడుగున.

ఆ అట్టడుగు వరసనే ఝాన్సీ మళ్ళీ చదివింది. ఈ ఉద్యోగానికి ముందు ఫోన్ల కంపెనీలో పనిచేసింది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని “నువ్వు లినక్సువా?” అని అడిగితే అవునంటుంది. అది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టిన ఇల్లే కనక అబద్ధం కాదు. అందుకే అక్కడ ఆండ్రాయిడ్ ప్రశ్న ముందు అడగాలి, లినక్స్ ప్రశ్న తరవాత. చేరిన మొదటి వారంలోనే అందరూ నేర్చుకునే సంగతి. నాలుగో రకం మెదడు కూడా అంతే. “గంగవా?” అంటే అవునంటుంది. అన్నాక మిగతా ప్రశ్నలు అడిగేవాడెవడు?

తెలిసి తెలిసి అడుగున ఎందుకు పెట్టింది? వైద్యానికి వాడే ప్రోగ్రామ్ కనక వాగ్ధారలో ఒక కట్టుబాటు ఉంది. పరీక్షల్లో నెగ్గిన వరసల్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచీ జరగాలి. కొత్తవేవైనా కిందే చేర్చాలి. అందరూ అలాగే చేర్చేవాళ్ళు. ఆమే అలాగే చేర్చింది, ఇద్దరు సరిచూశారు, సంతకాలు పెట్టారు. కట్టుబాటు తప్పలేదు కాబట్టి ఎవరికీ తప్పు కనిపించలేదు.

నాలుగో ప్రశ్నని పెరికి అన్నిటికన్నా పైన నాటింది. పైడినాయుడి స్కాన్ గుర్తులిచ్చి కంపైల్ చేసింది.

ఎర్ర అక్షరాలు. ‘ఈ మెదడు మనకి తెలియదు. ఆగు.’

కమలాక్షి టీచరువి కూడా ఇచ్చి చూసింది. అవే ఎర్ర అక్షరాలు. మిగిలిన రోగులందరివీ ఇచ్చి, ఎర్రబడ్డవి లెక్కపెట్టింది.

మరి ఇన్నాళ్ళూ మాట్లాడుతున్నదెవరు? అదీ ఆమెకి తెలుసు. రోగి మాటల మధ్య ఎక్కడైనా సంకేతం అందకపోతే తడబాటు కనిపించకుండా ఉండటానికి చిప్పులో ఓ చిన్న ఏర్పాటుంది. వేళనీ, ఎదుటి మాటనీ బట్టి నలుగురూ అనుకునే వాక్యమేదో అందించి ఖాళీ పూడుస్తుంది. మాటతోపాటు తల ఊపడం, నవ్వడం కూడా అదే చేయిస్తుంది. తప్పుడు పాయ పడ్డ మెదళ్ళలో ఒక్క సంకేతం కూడా అందలేదు. అంతా ఖాళీయే. అంతా పూడికే.

*

డాక్టర్ మహీధర్ ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎంతమంది?”

“పదకొండు మంది సర్. మా బావతో కలిపి.”

“నాలుగో రకానికి పాయ రాయగలవా?”

“ఆ మెదడు మాటని ఎలా పుట్టిస్తుందో మీరు చెప్తే రాస్తాను సర్.”

 “అది తెలుసుకోవడానికే ఏళ్ళు పడుతుంది,” అన్నాడు మహీధర్. “ఈలోపు చిప్పు ఆపేస్తే మిగిలేది మౌనం. ఒకసారి ఆపింది మళ్ళీ వెలగదు, నరం దాన్ని వెలివేస్తుంది. రేపు నువ్వు సరైన పాయ రాసినా ఆ పదకొండు మందికీ అది పనికిరాకపోవచ్చు. ఆలోచించావా?”

“ఇప్పుడున్నది మాటేనంటారా సర్?”

“నేననను. వాళ్ళింట్లోవాళ్ళు అంటారు. అమ్మ మాట్లాడుతోంది, నాన్న పలకరిస్తున్నాడు అని సంబరపడుతున్నారు. వెళ్ళి ఆ సంబరం అబద్ధమని చెప్పు.”

“లోపల మనిషి మెలకువగా ఉన్నాడు సర్. తన నోటితో వేరెవరో మాట్లాడుతుంటే వింటున్నాడు.”

“ఎలా తెలుసు నీకు?” మహీధర్ గొంతు మొదటిసారి పెరిగింది. “ఉన్నాడని రుజువు చెయ్యి. రోగి ఒప్పుకుంటేనే చిప్పు ఆపాలి, అది చట్టం. మాటతోపాటు రాత కూడా పోయిన మనిషి. నోటితో అడిగితే ఏమంటాడు? అంతా బాగుందంటాడు. తల ఊపమంటే ఊపేది కూడా మన చిప్పే. చెయ్యి కదిపినా అది నరాల అదురేనంటారు. ఏ దారిన అడుగుతావు?”

ఝాన్సీ తల దించుకుంది. 

“పద,” అన్నాడాయన లేచి కారు తాళాలు తీసుకుంటూ. “ముందు మీ బావని చూద్దాం.”

*

“ఓలమ్మా! డాక్టరుబాబుగారే వచ్చీసినారేటి!” గవరమ్మ గబగబా కుర్చీ తుడిచింది. “ఏటే ఝాన్సీ, ఓ ఫోనైనా చెయ్యకండా? ఉండండి బాబూ, కాఫీ కలిపీసి తెత్తాను.”

“ఇప్పుడేమీ వద్దప్పా. కూర్చో.”

“కూకోడానికేటి తొందర? బాబూ, మీకు ఏటిచ్చినా రుణం తీరదు.” ఆమె మొహం వెలిగిపోతోంది. “ముప్పై ఏళ్ళ కాపురం. తిన్నావా అని ఒక్కనాడు అడిగి ఎరగడీ మనిషి. సంతనుంచి రావడం, కూర బాగునేదని కంచం తోసీడం, నాను నాలుగు అంటే తాను నలబై అనడం. ఇప్పుడు చూడండి. పొద్దున్న లెగిసింది మొదలు, తిన్నావా, పడుకున్నావా, నీ ఒంట్లో ఎలాగుంది. జబ్బు చేసీసి మా ఆయన్ని మంచోడ్ని చేసీసింది బాబూ.”

“అంతా బాగుంది డాక్టరుగారూ,” అంది మంచం మీంచి పైడినాయుడి నోరు. “మీ దయ.”

మహీధర్ కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఝాన్సీ మంచం పట్టె మీద కూర్చుంది. కూర్చోగానే బావ ఎడమచెయ్యి చటుక్కున ఆమె చేతిని పట్టుకుంది. కుడిచెయ్యి ఎప్పుడో చచ్చుబడిపోయింది. ఎడమచేతి బొటనవేలు ఆమె అరచేతిని గీకడం మొదలుపెట్టింది. గీకుతోంది, ఆగుతోంది, మళ్ళీ గీకుతోంది.

“ఎవులొచ్చినా అంతే,” అంది గవరమ్మ మురిపెంగా. “చెయ్యి పట్టీసుకుని గోకుతాడు, చిన్నపిల్లడి నాగ. మొన్న సంత స్నేహితులు వచ్చినారు గానీ, ‘అంతా బాగుంది, ఎల్లి రండి’ అనీసినాడు. గుమ్మంకాడినుంచే ఎల్లిపోనారు.”

సంత. ఆ మాట ఎక్కడో తగిలింది ఝాన్సీకి.

నాన్న కూడా దళారే. పైడినాయుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న మేనల్లుడు. అప్పని ఇల్లు కదలనిచ్చేవారు కాదు గానీ, చిన్నదని ఝాన్సీని మాత్రం బండెక్కించుకుని సంతకి తీసుకెళ్ళేవారు. సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యీ దళారి చెయ్యీ తువ్వాలు కింద కలుస్తాయి. బేరమంతా వేళ్ళతోనే. పైకి నోళ్ళు వానల గురించీ పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుతుంటాయి, కింద వేళ్ళు వేరే మాట్లాడుతుంటాయి. తువ్వాలు కింద చెయ్యి దూర్చి ఆ భాషంతా నేర్పమని ఆమె మారాం చేస్తే, విసుక్కుంటూనే నేర్పినవాడు బావే. నాలుగు వేళ్ళూ కలిపి గట్టిగా బిగిస్తే ఖాయం. బొటనవేలితో అరచెయ్యి గీకితే...

ఆయన ఎప్పుడూ కుడిచేత్తోనే చేసేవాడు. ఇది ఎడమచెయ్యి. అందుకే పోల్చుకోలేకపోయింది.

గీకితే, పశువులో లోపం ఉంది, కొనొద్దు.

ఝాన్సీ గబుక్కున బావ భుజం మీది తువ్వాలు లాగి రెండు చేతుల మీదా కప్పింది. బావ కళ్ళు పెద్దవయ్యాయి. గీకుతున్న వేలు ఆగింది.

“బావా, ఈ మాటలు నీవేనా?”

“అంతా బాగుందమ్మా,” అంది నోరు. తువ్వాలు కింద బొటనవేలు గీకింది. చర్మం లేచిపోయేలా గీకింది.

“లోపల నువ్వున్నావా?”

“ఎండ తగ్గింది,” అంది నోరు. కింద నాలుగు వేళ్ళూ బిగుసుకున్నాయి.

“సర్!” అంది ఝాన్సీ. బావ చెయ్యి వదలకుండానే పక్కకి జరిగింది.

మహీధర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏ గుర్తుకి ఏ అర్థమో ఆమె చెప్పాక తువ్వాలు కింద తన చెయ్యి పెట్టాడు. సందేహం తీర్చుకోవడం ఆయన వృత్తి. “మీ భార్య పేరు సుందరి. అవునా?” గీకింది. “గవరమ్మ?” బిగిసింది. “ఇప్పుడు బయట వాన పడుతోందా?” బిగిసింది. నోరు మాత్రం గాలి చల్లగా ఉందంటూనే ఉంది. మహీధర్ ఇంకో నాలుగైదు ప్రశ్నలు మార్చి మార్చి అడిగాడు. ఒక్కటీ తప్పలేదు. చెయ్యి వెనక్కి తీసుకునేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు.

“ఏటిది?” అంది గవరమ్మ. “ఏటి జరుగుతోందే?”

ఝాన్సీ చెప్పింది. దాచకుండా, మెత్తపరచకుండా అంతా చెప్పింది. వరసలో అడుగున పడిపోయిన ప్రశ్న సంగతీ చెప్పింది, దాన్ని అక్కడ పెట్టింది తన చేతులే అనీ చెప్పింది.

 గవరమ్మ కొంగు చివర ముడి వేసింది, విప్పింది.

“తిన్నావా అని అడగడం? అదీ నీ మిషనేనా?”

“అవునప్పా.”

“మొన్న జొరమొస్తే, మందేసుకో గవరా అన్నాడు. అదీనా?”

ఝాన్సీ అవునన్నట్టు తల ఊపింది.

“నాకు నాలుగు మంచి మాటలిచ్చీసి మళ్ళీ లాక్కోడానికొచ్చినావేటే?” గవరమ్మ గొంతు చీరుకుపోయింది. “ఆపొద్దు. ఎవులివైతేనేటి, ఈ ఇంట్లో ఆ మాటలుండనీ. ఆపితే ఇంకేటి మిగులుద్ది నాకు? గోడా?”

“ఆయన ఒప్పుకోకుండా ఆపం,” అన్నాడు మహీధర్ నెమ్మదిగా. “కానీ ఆయన్ని ఒక్కమాట అడగమ్మా. అడగాల్సింది నువ్వే.”

 గవరమ్మ వచ్చి మంచం పక్కన నేలమీద కూలబడి, తువ్వాలు కింద చెయ్యి పెట్టింది.

“ఇదిగో,” అంది మొగుడితో. “తిన్నావా అని ఒక్కపాలైనా నివ్వు అడిగినావా? ఒక్కపాలి? ఒక్కసారి?”

“భోంచేశావా గవరా?” అంది నోరు, ఎంతో ప్రేమగా.

తువ్వాలు కదల్లేదు. ఆయన ఆమె చేతిని పట్టుకుని ఊరికే ఉన్నాడు. చెమట పట్టిన మొహంలో కళ్ళు ఆమె మీదనుంచి కదలడం లేదు. అబద్ధమాడితే సరిపోతుంది. ఒక్కసారి వేళ్ళు బిగిస్తే చాలు, ఆమెకి అన్నీ మిగులుతాయి. సంతలో ముప్పై ఏళ్ళు బేరాలాడినవాడికి ఆ సంగతి తెలుసు.

బొటనవేలు మెల్లగా గీకింది. ఒక్కసారే.

గవరమ్మ కళ్ళు మూసుకుంది. “ఆపీమంటావా?”

వేళ్ళు ఎంత గట్టిగా బిగిశాయంటే ఆమె చేతి గాజొకటి చిట్లింది.

“ఆపీండి బాబూ,” అంది.

మహీధర్ సంచీలోంచి చిప్పుని ఆర్పే నాణెమంత అయస్కాంతం తీసి పైడినాయుడి చెవి వెనక ఆనించాడు. “గాలి చల్లగా...” అంటూ నోరు మధ్యలో ఆగిపోయింది. నవ్వు జారిపోయింది. దవడ ఒక పక్కకి వేలాడింది. ఇల్లంతా వాన చప్పుడు నిండింది.

కాసేపటికి ఆయన గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. బరువైన మూట దించినవాడి మూలుగు. మాట లేదు, ఇక రాదు కూడా. గవరమ్మ ఆ మూలుగుని చెవొగ్గి వింది. లేచి, తడిగుడ్డ తెచ్చి, కారుతున్న చొంగ తుడిచింది.

“కూర నోటికి పట్టకపోతే కంచం తొయ్యి,” అంది విసురుగా. “తెల్సిందా? నాను మళ్ళీ వండుతాను. ఎడమచెయ్యుంది గదా.” అని మొహం పక్కకి తిప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఝాన్సీ దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “నా దగ్గరేటి పని నీకు? ఇలాటోళ్ళు ఇంకా ఉన్నారన్నావు గదా. ఆళ్ళకి సెప్పు, ఎల్లు. ఆళ్ళు మాత్రం ఎన్నాళ్ళైందో లోపలుండిపోయి.”

*

వసారాలో నిలబడి ఝాన్సీ సామర్లకోటకి ఫోన్ చేసింది. తువ్వాలు భాష ఆ టీచరుకి రాదు. ఏ దారిన అడగాలో ఇంకా తెలియదు. అయినా చేసింది.

కమలాక్షి టీచరు కొడుకు శ్రీకరం ఎత్తాడు. విషయం సగం వినకముందే అడ్డుపడ్డాడు.

“మా అమ్మకేమండీ? బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడే నన్ను భోంచేశావా అని అడిగింది. మధ్యాహ్నమే కాల్ చేశారు కదా, మళ్ళీ ఇదేమిటి?”

“ఫోన్ స్పీకర్‌లో పెట్టండి.”

“ఎందుకండీ? ముందు నాతో చెప్పండి. ఆవిడని కంగారు పెట్టకండి.”

“పెట్టండి బాబూ. ఆవిడ వినాలి.”

గొణుక్కుంటూ పెట్టాడు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“టీచరుగారూ, నేను ఝాన్సీని. మీ నోటితో మాట్లాడుతున్నది మీరు కాదని మాకు తెలిసింది. లోపల మీరున్నారని తెలిసింది. వస్తున్నాం.”

 అవతలినుంచి అదే మెత్తని గొంతు.

“అంతా బాగుందమ్మా. భోంచేశారా?”

ఆ గొంతు కిందినుంచి ఇంకో చప్పుడు మొదలైంది. మంచం చెక్క మీద అరచేత్తో కొడుతున్న చప్పుడు. మొదట మెల్లగా, తరవాత గట్టిగా.

“అమ్మా? ఏంటమ్మా? ఏమైంది?” అంటున్నాడు శ్రీకరం. “అమ్మా!”

“ఎండ తగ్గింది,” అంటోంది గొంతు. “గాలి చల్లగా ఉంది.”

చెక్క మీద చప్పుడు ఆగలేదు.